డబ్బాలో పడ్డ రూపాయి

వినాయక చవితి దగ్గరపడితే కామారెడ్డి గల్లీల్లోనూ, ఎల్లారెడ్డి వాడల్లోనూ పిల్లలు గుంపులు కడతారు. ఒకరి చేతిలో చందా పుస్తకం, ఇంకొకరి చేతిలో డబ్బా, వెనకాల ఊరికే నడిచే చిన్నోళ్లు ఇద్దరు ముగ్గురు. హోలీకైతే జాజిరి. కోలలు కొట్టుకుంటూ ఇంటింటికీ తిరిగి పాడితే, కొందరు డబ్బులిస్తారు, కొందరు చాటలో బియ్యం తెచ్చి పోస్తారు.

ఇంకొకరి గడప ముందు నిలబడి అడగడం చిన్న పనేమీ కాదు. పెద్దయ్యాక మరీ కష్టం. మన పిల్లలు దాన్ని ఆటలోనే నేర్చేసుకుంటున్నారు. లేదన్న ఇంటి ముందు నుంచి మొహం మాడ్చుకోకుండా పక్కింటికి వెళ్లడం కూడా.

బడిలో ఈ విద్యకు మరో రూపం ఉంది. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుగుతోంది. చిన్న కాగితం జెండా, గుండుసూది, సైనికుల కుటుంబాల కోసం పిల్లలు తెచ్చే చిల్లర. ఆ జెండా చొక్కాకు పెట్టుకుని ఇంటికెళ్లిన గర్వం చాలామందికి గుర్తే. అయితే ఆ చిల్లర చేరిన ఇల్లు పిల్లల కంట పడదు.

2025 చవితి మాత్రం ఇక్కడి పిల్లలకు వేరేలా వచ్చింది. ఆగస్టు 27న, సరిగ్గా పండగ రోజే, ఆకాశం కుమ్మరించింది. రాజంపేట మండలం అర్గొండలో వాన 40 సెంటీమీటర్లు దాటింది. కామారెడ్డిలో కాలనీలు మునిగాయి. ఎల్లారెడ్డి వైపు, నిజాం కాలం నాటి పోచారం ప్రాజెక్టు పొంగిపొర్లుతుంటే దిగువ ఊళ్లవాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నారు. ఎక్కడో ఉన్న పిల్లలకు అది టీవీలో వరద. ఇక్కడి పిల్లలకు అది పక్క బెంచీ నేస్తం ఇల్లు.

ఇలాంటప్పుడు బడిలో డబ్బా పెడితే, ఎవరు ఎంత వేశారో పైకి చదవకపోతే బాగుంటుందని నాకనిపిస్తుంది. కూలికెళ్లే అమ్మ దగ్గర పది రూపాయలు అడగలేక ఊరుకున్న పిల్ల ఆ తరగతిలోనే ఉంటుంది. సాయం అందుకోబోయే పిల్లాడూ అక్కడే ఉంటాడు. ఇద్దరి తలా వంగకూడదు. డబ్బు తేలేని పిల్ల నేస్తం తడిసిన పుస్తకాలు ఎండబెట్టొచ్చు, పోయిన నోట్సు రాసి పెట్టొచ్చు. ఆ రాత కూడా చందానే కదా.

తెలిసిన మొహానికి ఇవ్వడం మొదటి మెట్టు. తెలియనివాళ్ల కోసం ఇవ్వడానికి ఇంకొంచెం మనసు కావాలి. దానికి ఉదాహరణ వెతుక్కుంటూ పిల్లలు దూరం పోనక్కర్లేదు. 1964లో మొదలైన కామారెడ్డి డిగ్రీ కాలేజీ ఈ ప్రాంత ప్రజలు ఇచ్చిన విరాళాలతో లేచిందే. బెల్లం వ్యాపారానికి పేరుపడ్డ ఊరు చదువు కోసం జేబు తడుముకుంది. ఇచ్చినవాళ్లు ఎన్నడూ చూడని పిల్లలు ఈ రోజుకీ అక్కడ పాఠాలు వింటున్నారు.

ఈ సంగతి బడిలో ఎవరైనా సారో, మేడమో ఒక పూట చెబితే చాలు. ఆ సాయంత్రం పిల్లలు ఇంటికెళ్లి, మన తాత కూడా ఇచ్చాడా అని నాయనమ్మను అడుగుతారు.