ఒక్క చెట్టు నిలిస్తే తోట బతికినట్టా?

ఈరోజు పంట గురించి కాదు, బీడీ గురించి రెండు మాటలు.

మొన్న టమాటకు మందు కొడతా ఉంటే మా చిన్నాయన గట్టు మీద కూర్చోని బీడీ ముట్టించినాడు. "ఇంకా మానలేదా చిన్నాయనా?" అంటే నవ్వి, "మా తాత ఎనభై ఏళ్లు దాటినా తాగినాడు, ఏమయింది? రాసిపెట్టి ఉంటే యాడున్నా వస్తాది" అన్నాడు.

మా నాయన కూడా ఆ తాతనే చూపించేవాడు. 56 ఏళ్లకే గుండెపోటుతో పోయినాడు. బీడీ వల్లనే అని నేను తేల్చి చెప్పలేను. కానీ ఆయన లెక్కలో తాత ఉన్నాడు, ఇప్పుడు చిన్నాయన లెక్కలో మా నాయన లేడు.

మన పక్క రైతుకు తెగింపు ఎక్కువ. మూడు బోర్లు ఎండినా అప్పు చేసి నాలుగోది వెయ్యి అడుగులు దించుతాం. రేటు తెలీకుండానే టమాట నాటుతాం. రోజూ ఇంత జూదం ఆడేవాడికి బీడీ ముప్పు ఏం ఆనతాది? సిగరెట్ ప్యాకెట్ మీద 85 శాతం హెచ్చరికే ఉన్నా అగ్గిపుల్ల గీస్తాం. తెలీక కాదు, మనకు రాదులే అని.

అదే చిన్నాయన ఒక్క ఆకుకు మచ్చ కనబడితే సాయంత్రానికే మందు కొడతాడు. తోటంతా మాడి ఒక్క చెట్టు నిలిస్తే, తెగులు ఏం చేయదు అంటాడా?

"రోజుకు ఒకటే" అనేవాళ్లూ వినండి. రోజుకు ఇరవై సిగరెట్లు తాగితే గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతాదో, ఒక్కటి తాగినా అందులో దాదాపు సగం పెరుగుతాదని 2018లో వచ్చిన పరిశోధన చెప్పింది.

మంచి లెక్క కూడా ఉంది. బ్రిటన్‌లో 1951 నుంచి 50 ఏళ్లు డాక్టర్లనే గమనించినారు. 40 ఏళ్లకు మానినోళ్లకు సుమారు 9 ఏళ్లు, 50కి మానినోళ్లకు 6, 60కి మానినోళ్లకు కూడా 3 ఏళ్ల ఆయుస్సు కలిసొచ్చింది. ఏ పంటలో ఉంది ఈ లాభం?

మానలేమంటారా? అలిపిరి తనిఖీలో బీడీలు తీసేస్తే, దర్శనం అయ్యేదాకా కొండ మీద ఊరకనే ఉంటాం కదా. కష్టమే, కానీ అయ్యే పనే. సాయం కావాలంటే 1800-11-2356కు చేయండి, డబ్బులు పడవు.

చిన్నాయనా, నీకు 60 నిండలేదు. ఆ 3 ఏళ్లు మాకు కావాల.