ముందు గెలుపు, తర్వాత న్యాయమా?

యుద్ధం నడుస్తుండగా న్యాయం మాట ఎత్తకూడదని, ఎత్తితే సైన్యం చీలిపోతుందని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనాని మెక్లెలన్ 1862 జూలైలో బానిసత్వం విషయంలో అధ్యక్షుడు లింకన్‌ను ఇలాగే హెచ్చరించాడు. చరిత్ర ఆయన మాటను నిలబెట్టలేదు.

1861 మే నెల. వర్జీనియాలో దక్షిణాది సైన్యం ముగ్గురు బానిసల చేత ఫిరంగుల కోసం మట్టిదిబ్బలు కట్టిస్తోంది. ఒక రాత్రి ఆ ముగ్గురూ పడవెక్కి, ఉత్తరాది అధీనంలోని మన్రో కోటకు చేరుకున్నారు. యజమాని తరఫున ఒక అధికారి తెల్లజెండాతో వచ్చి వాళ్లను అప్పగించమన్నాడు. కోట అధిపతి బట్లర్ కుదరదన్నాడు. శత్రువుకు మట్టి మోసిన చేతుల్ని మళ్లీ శత్రువుకే ఇవ్వడమేమిటి? కొన్ని వారాల్లోనే వందల మంది ఆ కోట దారి పట్టారు. అప్పటికి లింకన్ విముక్తి ప్రకటన ఏదీ చేయలేదు. విముక్తిని లింకన్ పెట్టిన భిక్షగా చెప్పేవాళ్లు ఈ పడవను మరిచిపోతారు.

దక్షిణాదిలో పొలం దున్నిందీ కందకాలు తవ్విందీ బానిసలే. అందుకే అక్కడి తెల్లవాళ్లు అంతమంది తుపాకీ పట్టగలిగారు. బానిస తప్పించుకున్న ప్రతిసారీ అవతల బలం తగ్గింది, ఇవతల పెరిగింది. 1863 జనవరి 1 నాటి విముక్తి ప్రకటన వాళ్లకు సైన్యం తలుపులు తెరిచింది. యుద్ధం ముగిసేనాటికి సుమారు 1,80,000 మంది నల్లజాతివారు ఉత్తరాది సైనికులయ్యారు. దాదాపు 40,000 మంది ప్రాణాలిచ్చారు, ఎక్కువమంది రోగాలతోనే.

ఉత్తరాది శిబిరాల్లో సణుగుడు లేదనను. కానీ సైన్యం చీలలేదు. దాన్ని నిజంగా దెబ్బతీసింది సగం సగం న్యాయం. తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లు. నల్ల సైనికుడికి 10, అందులో బట్టలకని 3 కోత. నల్లజాతి సైనికుల మసాచుసెట్స్ 54వ రెజిమెంట్ ఆ జీతం ముట్టనంది. జీతం లేకుండానే 1863 జూలై 18న దక్షిణాదివారి వాగ్నర్ కోట మీదికి దూకింది. తూటాలకు ఎదురెళ్లిన మనుషుల జీతం దగ్గర బేరమాడిన ప్రభుత్వాన్ని నేను క్షమించలేను. 1864 జూన్‌లో గానీ కాంగ్రెస్ ఆ తేడా సరిదిద్దలేదు.

చివరికి 1865 మార్చి 13న దక్షిణాది ప్రభుత్వం కూడా బానిసలను సైన్యంలో చేర్చుకునే చట్టం చేసింది. స్వేచ్ఛ ఇస్తామన్న హామీ మాత్రం అందులో లేదు. సరిగ్గా మూడు వారాలకు దాని రాజధాని రిచ్‌మండ్ పడిపోయింది. ఆ నగరంలోకి ముందుగా ప్రవేశించిన దళాల్లో నల్లజాతి రెజిమెంట్లున్నాయి.