ఆల్ సెయింట్స్ బెంచీల మీద ఎవరికి చోటు?

గన్‌ఫౌండ్రీ అన్న పేరు నోటికి వచ్చినంత సులభంగా దాని అర్థం మనకు గుర్తుకు రాదు. రెండవ నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమాండ్ 1786లో ఇక్కడ ఫిరంగులు పోత పోయించాడు. పాతకాపులు దానిని నేటికీ 'తోప్ కా సాంచా' అంటారు. హిందువులు మూసారాం అనీ, ముస్లింలు మూసారహీం అనీ పిలుచుకున్నది ఈ రేమాండునే. మన మూసారాంబాగ్‌కు ఆ పేరు అలా వచ్చిందే. ఫిరంగులు పోసిన చోటు తరువాతి కాలంలో బడుల పేట అయింది. ఆలియా, మహబూబియా, రోజరీ కాన్వెంటు, కాస్త అవతల సెయింట్ జార్జ్ గ్రామరు స్కూలు, స్టాన్లీ బాలికల పాఠశాల! నగరంలో ఇన్ని పాత బడులు ఒకేచోట గుమిగూడిన పేట మరొకటి లేదంటే అతిశయోక్తి కాదు. ఈ వరుసలోనిదే ఆల్ సెయింట్స్ బాలుర ఉన్నత పాఠశాల. 1855లో మొదలైన ఆ బడికి 2025తో 170 ఏళ్ళు నిండాయి.

170 ఏళ్ళంటే ఎంత వెనుకటి మాటో కొంచెం ఆలోచించాలి. మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టింది 1857లో. ఆ బడి తెరిచిన నాటికి నాలుగవ నిజాం నాసిరుద్దౌలా గద్దె మీద ఉన్నాడు. సాలార్‌జంగ్ దివాన్‌గిరీకి వచ్చి అప్పటికి రెండేళ్ళు. కచేరీలలో పార్శీ భాష నడుస్తున్నది. ఉర్దూకు రాజభాష యోగం పట్టడానికే ఇంకా మూడు దశాబ్దాలు పట్టింది. తెలుగు మాట అడగనే అక్కరలేదు. సుల్తాన్‌బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది 1901లో. అంటే నగరంలో తెలుగువారి మొట్టమొదటి గ్రంథాలయానికి నలభై ఆరేళ్ళ ముందే ఈ ఇంగ్లీషు బడి గంట మోగింది.

దీనిని స్థాపించినవారు బిషప్ డేనియల్ మర్ఫీ. ఐర్లండులోని కార్క్ ప్రాంతం వారు. 1851లో హైదరాబాదు ప్రాంతాన్ని మద్రాసు నుండి వేరుచేసి ప్రత్యేక క్రైస్తవ మండలంగా ఏర్పరచినప్పుడు దాని బాధ్యత ఆయనకు అప్పగించారు. ఐర్లండు బిషప్పుకు నిజాం రాజ్యంలో ఏం పని అనిపించవచ్చు. సికింద్రాబాదు కంటోన్మెంటులోని ఇంగ్లీషు పటాలాలలో ఐరిష్ సిపాయిలు బాగా ఉండేవారు. వారి వెంట మద్రాసు వైపు నుండి వచ్చిన తమిళ సిపాయిలు, బట్లర్లు, చిన్న గుమాస్తాలు! ఆనాటి కాథలిక్కుల మంద అంటే ముఖ్యంగా వీరే. జాగీర్దారుల పిల్లలకు ఇంటికే మౌల్వీ వచ్చేవాడు. బడి కావలసింది జీతం రాళ్ళ మీద బతికే వారి పిల్లలకు. ఆరోగ్యం చెడి మర్ఫీ మన దేశం విడిచారు. తరువాత ఆస్ట్రేలియా దిగువన ఉన్న టాస్మేనియా ద్వీపంలో హోబర్టు బిషప్పుగా వెళ్ళి, 1907లో తొంభై దాటిన వయసులో అక్కడే కన్నుమూశారు. ఆయన పేరు హోబర్టులో తెలిసినంతగా మన ఊళ్ళో తెలియదు.

బడి తెరిచిన సంవత్సరమే ఇటలీలోని మిలాన్ నుండి మిషనరీ ఫాదర్లు హైదరాబాదు చేరారు. క్రమంగా మండలం బాధ్యత వారి చేతికి వచ్చింది. పక్కనే ఉన్న సెయింట్ జోసెఫ్ కెథడ్రల్‌కు 1870లో పునాది వేసి 1875 క్రిస్మస్ నాటికి ప్రార్థనలు ప్రారంభించినవారు వీరే. 1886లో హైదరాబాదు డయోసీసు అయింది. ఆ తరువాతి కాలంలో పాఠశాల సెయింట్ గాబ్రియేల్ మోంట్‌ఫోర్టు బ్రదర్ల నిర్వహణలోకి వచ్చింది. ఫాదరుకు, బ్రదరుకు తేడా చాలామందికి తెలియదు. బ్రదర్లు పూజారులు కారు. వారు మాస్ చెప్పరు, పెళ్ళిళ్ళు చేయరు. పిల్లలకు చదువు చెప్పడమే వారు పట్టిన దీక్ష. ఫ్రాన్సులో పుట్టిన ఈ సంఘం 1903లో మన దేశంలో అడుగుపెట్టింది. ఆబిడ్స్‌లోని లిటిల్ ఫ్లవర్, హైదర్‌గూడాలోని సెయింట్ పాల్స్ 1950వ దశకంలో వెలసినవి. అవి కూడా ఈ బ్రదర్లవే. ఒకే సంఘం ఇన్ని బడులు నడపగలగడానికి కారణం ఒకటే. బ్రదరుకు సంసారం లేదు, జీతం ఇంటికి పట్టుకుపోయే పని లేదు. ఆ మిగులు బడిలోనే ఉండిపోయేది. నేడు ఆ దీక్షకు వచ్చే యువకులు తగ్గిపోతున్నారు. బయటి ఉపాధ్యాయులకు న్యాయమైన జీతం ఇవ్వవలసిందే. ఖర్చు పెరిగితే ఫీజు పెరుగుతుంది. ఇది ఎవరి దోషమూ కాదు, కాని దీని ఫలితం ఎవరి మీద పడుతుందో చూడాలి.

ఆల్ సెయింట్స్ పేరు చెబితే నగరవాసులకు మొదట గుర్తుకు వచ్చేది క్రికెట్టు. సయ్యద్ ఆబిద్ అలీ సెయింట్ జార్జ్‌లోను, ఇక్కడా చదివాడు. 1956లో హైదరాబాదు స్కూళ్ళ జట్టుకు ఎంపికైనది ఫీల్డింగు చూసి! తరువాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ జట్టు పెట్టినప్పుడు ఆయనకు అక్కడ ఉద్యోగం దొరికింది. ఆ బ్యాంకు ప్రధాన కార్యాలయం కూడా ఇదే గన్‌ఫౌండ్రీలో ఉండేది. 2017లో అది స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. 1967 డిసెంబరులో అడిలైడ్‌లో ఆడిన తొలి టెస్టులోనే 55 పరుగులకు 6 వికెట్లు పడగొట్టాడు ఆబిద్ అలీ. 1971 ఆగస్టులో ఓవల్ మైదానంలో ఇంగ్లండును మన జట్టు ఓడించినప్పుడు గెలుపు పరుగులు ఆయన బ్యాటు నుండే వచ్చాయి. 2025 మార్చిలో అమెరికాలో ఆయన మరణించారు. ఇక విఠల్‌వాడి కుర్రవాడు మహమ్మద్ అజారుద్దీన్ సంగతి చెప్పనక్కరలేదు. 1984-85లో ఇంగ్లండు మీద ఆడిన మొదటి మూడు టెస్టులలోనూ వరుసగా మూడు శతకాలు చేశాడు. అలాంటి ఆరంభం అంతకుముందు ప్రపంచంలో ఎవరికీ లేదు.

ఈ ఇద్దరినీ తలచుకోవడం కేవలం గొప్ప చెప్పుకోవడానికి కాదు. కాథలిక్కు బడి, పెట్టినవాడు ఐర్లండు బిషప్పు, చుట్టూ ఇటలీ ఫాదర్లు, నడిపింది ఫ్రెంచి సంఘం. అందులో నుండి ప్రపంచానికి తెలిసిన ఇద్దరూ ముస్లిం కుర్రవాళ్ళు. ఈ బడి మతం చూసి తలుపు తీసి ఉంటే, నగరంలో పిడికెడు మంది ఉన్న కాథలిక్కులతో ఒక తరగతి గది కూడా నిండేది కాదు. మరొక సంగతి. ఆబిద్ అలీకి బ్యాంకు ఉద్యోగం అదృష్టంగా కనిపించిన కాలం అది. బడికి వచ్చే కుర్రవాడి ఇంట్లో డబ్బు ఉందా లేదా అన్నది రెండవ ప్రశ్నే అయి ఉండాలి. ఆట కూడా అంతే. బడి ముంగిట నుండి నడిచి వెళితే ఫతేమైదాను. న్యూజిలాండుతో 1955 నవంబరులో హైదరాబాదు తొలి టెస్టు చూసింది అక్కడే. బడి వదిలిన కుర్రవాడికి ఆట చూడాలంటే బస్సు ఛార్జీ కూడా అవసరం లేదు. నేడు అపార్టుమెంటు మూడవ అంతస్తులో నడుస్తున్న కార్పొరేటు స్కూలు కుర్రవాడికి ర్యాంకు వస్తుందేమో గాని పరుగు రాదు.

ఇక అసలు విషయం. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు స్కూళ్ళు మొదటి తరగతిలో నాలుగవ వంతు సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలి. తెలంగాణలో ఈ నిబంధన చాలా ఏళ్ళు కాగితం మీదనే నిద్రపోయింది. మైనారిటీ విద్యాసంస్థలకైతే అసలు వర్తించదు. రాజ్యాంగం 30వ అధికరణం కింద వారి హక్కుకు భంగం కలుగుతుందని సుప్రీంకోర్టు 2014 మే నెలలో ప్రమతి కేసులో తీర్పు చెప్పింది. 2025 సెప్టెంబరు 1న అదే న్యాయస్థానంలోని ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పు సరైనదేనా అని సందేహం వెలిబుచ్చి, విషయాన్ని పెద్ద ధర్మాసనం ముందుంచే నిమిత్తం ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది.

30వ అధికరణం చిన్న హక్కు కాదు. అల్పసంఖ్యాకుల బడుల మీద ప్రభుత్వం పెత్తనం చెలాయించకుండా అది అడ్డుగోడ. ఆ గోడ కూలాలని మేము కోరడం లేదు. కోర్టు ఏం చెబుతుందో చూసి అప్పుడు ఆలోచిద్దామని పాత మిషన్ బడులు చేతులు కట్టుకు కూర్చోవడం మాత్రం వాటి చరిత్రకు తగదని చెప్పక తప్పదు. సిపాయి కొడుకు కోసం, బట్లరు కొడుకు కోసం పుట్టిన బడికి ఆటో డ్రైవరు కొడుకును, వాచ్‌మన్ కొడుకును చేర్చుకోవడానికి చట్టం ఒకటి వచ్చి చెప్పవలసిన పని ఉందా? పేద పిల్లలకు ఫీజు తగ్గించే ఆనవాయితీ మిషన్ బడులలో మొదటి నుండీ ఉన్నదే. ఆ పని సాధారణంగా చాటుగా, ప్రిన్సిపాలు దయ మీద జరుగుతుంది. సిఫారసు తెచ్చుకోగలిగినవాడికి దయ దొరుకుతుంది. సిఫారసు లేనివాడు గేటు దగ్గరి దర్వాను మాట విని తిరిగిపోతాడు. ఇన్ని సీట్లు, ఇదీ పద్ధతి అని నోటీసు బోర్డు మీద తెలుగులోను, ఉర్దూలోను వేస్తే గేటు దాటే ధైర్యం వస్తుంది.

తెలుగు మాట ఎలాగూ వచ్చింది కనుక ఒక మాట. రాష్ట్రంలోని అన్ని బడులలో తెలుగు తప్పనిసరిగా నేర్పాలని 2018లో చట్టం చేశారు. ఇంగ్లీషు మీడియం బడులలో చాలా చోట్ల అది మొక్కుబడి పీరియడుగా మారింది. తెలుగు పండితునికి పి.టి. మాస్టరుకు ఉన్న గౌరవమైనా ఉంటే బాగుండును.

పూర్వ విద్యార్థుల బాధ్యత మరీ ఎక్కువ. ఈ బడులలో చదివి అమెరికాలోను, గల్ఫులోను స్థిరపడినవారు ఏటా కలుసుకుంటున్నారు, విందులు చేసుకుంటున్నారు. తప్పేమీ లేదు. కాని వచ్చిన చందాలు స్వాగత ద్వారాలకు, ఫ్లెక్సీలకు కాకుండా ఒక్కొక్క బ్యాచి ఒక్కొక్క కుర్రవాడి పదేళ్ళ చదువు భారం మోస్తే బ్రదర్లకు ఫీజు పెంచే అవసరం కొంత తగ్గుతుంది. ప్రవేశ రిజిస్టర్ల సంగతి కూడా ఆలోచించాలి. 170 ఏళ్ళ బడి రిజిస్టరు అంటే నగర చరిత్రే. తండ్రి పేరు, వృత్తి, పేట రాసిన ఆ పాత పుటలలో దొరికినన్నింటిని ఫోటో తీయించి భద్రపరిస్తే, ఎవరెవరి పిల్లలు ఈ బెంచీల మీద పక్కపక్కన కూర్చున్నారో లెక్కతో సహా తేలుతుంది.

2030లో ఆల్ సెయింట్స్‌కు 175 ఏళ్ళు నిండుతాయి. ఉత్సవాలకు మంత్రులను పిలిచే కమిటీలు అప్పటికి ఎలాగూ వెలుస్తాయి. అంతకు ముందే, వచ్చే ప్రవేశాల రుతువుకే, మొదటి తరగతిలో ఎన్ని సీట్లు పేద పిల్లలకు ఇస్తారో పాఠశాల యాజమాన్యమూ, హైదరాబాదు ఆర్చిడయోసీసూ కలిసి ప్రకటించాలి. జిల్లా విద్యాశాఖ అధికారి ఈ పేటలోని తక్కిన పాత బడుల యాజమాన్యాలను కూడా పిలిచి ఇదే అడగాలి.