మన ఫెహ్రిస్తులో తెలుగు పాట ఏది?

రంజాన్ ఈద్ అయ్యాక మా ఖాందాన్ వాట్సాప్‌లో రోజుకో పాట మొదలైంది. ఇరవై నుంచి ఒకటి దాకా, ఎవరి పసంద్ వాళ్లది. రఫీ, లతా, తలత్... మాషా అల్లాహ్! తొమ్మిదో నంబరుకి నేను ఘంటసాల పాట పెట్టాను. "అది మనది కాదు కదా బేటా" అన్నారు మామూజాన్.

ఎందుకు కాదు మామూ? ఎక్కడో పంజాబ్‌లో పుట్టిన రఫీ సాబ్, 1969లో 'భలే తమ్ముడు'లో ఎన్టీఆర్‌కి తెలుగులో పాడారు. తనది కాని జబాన్‌ని తనది చేసుకున్నారు. ఇక్కడే పుట్టి, బజారులో, కచేరీలో తెలుగే మాట్లాడి, ఈ మట్టిలోనే దఫన్ అయ్యే మనకి అది పరాయిదా?

"మీరు ఇక్కడివాళ్లు కాదు" అనేవాళ్ల మీద గుస్సా అవుతాం. తెలుగు మనది కాదని మనమే అంటే, వాళ్ల మాటకి మనమే గవాహీ ఇచ్చినట్టు కాదా?

ఉర్దూ అమ్మీజాన్ అయితే తెలుగు ఖాలాజాన్. ఖాలాని గడప బయట నిలబెడతామా?

నా ఒకటో నంబరూ తెలుగు పాటే. ముందు వినండి మామూ, తర్వాత తిట్టండి.