కోరంగి వాళ్ళం

మా అమ్మాయికి బళ్ళో ఓ ప్రాజెక్టు ఇచ్చారు, మీ కుటుంబం ఎక్కడ్నుంచి వచ్చిందో చెప్పమని. అమెరికాలో ఐదో క్లాసు పిల్లలున్న ప్రతి ఇంటికీ ఇది తెలిసిన తంతే. ఓ అట్ట, దాని మీద చెట్టు బొమ్మ, కొమ్మకో ఫొటో. మాకు ఆ శ్రమ కూడా లేదు. టెక్సస్‌లో ఉన్న మా పెదనాన్న కొడుకు ఐదేళ్ళ కిందటే వంశవృక్షం తయారుచేసి అందరికీ పంపాడు. అది తీసి చూస్తే మా తాతయ్య పేరు కింద "రంగూన్‌లో వర్తకులు" అని ఉంది.

మా తాతయ్య వర్తకుడు కాదు. రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. కుడి భుజం మీద కాయ కాచి ఉండేది. చిన్నప్పుడు ఆయన భుజాలెక్కి తీర్థానికి వెళుతూ దాన్ని వేలితో నొక్కి చూసేవాణ్ణి. "నొప్పేస్తుందా తాతయ్యా?" అంటే, "అది చచ్చిపోయి చాన్నాళ్ళయిందిరా" అనేవాడు.

కాకినాడలో ఉన్న పెదనాన్నకి ఫోన్ చేశాను. "అవన్నీ ఇప్పుడెందుకురా? చంటిదాని చేత కూలీ అని రాయిస్తావా? వర్తకులంటే ఎవడి సొమ్ము పోయింది?" అన్నారు. ఆయనకి ఎనభై దాటాయి. కూలీవాడి కొడుకునని అనిపించుకుంటూ చదువుకున్న మనిషి. ఆయన బాధ నాకు తెలియక కాదు. కానీ ఆ మాట తీసేస్తే మా కథలో మిగిలేది ఏమీ లేదని నా అభిప్రాయం.

మాది కోరంగి. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో తాళ్ళరేవు మండలంలో ఓ చిన్న ఊరు. ఇప్పుడక్కడికి జనం మడ అడవులు చూడ్డానికి వెళుతున్నారు. 1978లో దాన్ని అభయారణ్యం చేశారు. చెక్క వంతెన మీద నడిచి, పడవెక్కి, ఫొటోలు దిగి వచ్చేస్తారు. ఒకప్పుడు ఇంగ్లీషు వాళ్ళ యుద్ధ నౌకలు మరమ్మతుకి వచ్చిన ఊరది. 1802 ప్రాంతంలో ఎబినేజర్ రోబక్ అనే దొర అక్కడ ఓడలు బాగుచేసే డాక్ కట్టించాడు. ఓ పక్క యానాంలో ఫ్రెంచివాళ్ళు, ఇంకో పక్క ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళ బట్టల వ్యాపారం, నడుమ కోరంగి. తాళ్ళరేవులో చెక్క పడవలు కట్టే పనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఓడల రోజుల్లోంచి మిగిలిన విద్య అదొక్కటే.

కోరంగి గురించి ఎవర్నడిగినా మొదట చెప్పేది ఉప్పెన సంగతి. 1839 నవంబరులో మూడు లక్షల మంది చనిపోయారనీ, ఇరవై వేల ఓడలు కొట్టుకుపోయాయనీ ఎక్కడ చూసినా కనిపిస్తుంది. నేను నమ్మను. ఆ ఏటి మొగలో ఇరవై వేల ఓడలు నిలబడడానికి చోటేదీ? చిన్నా పెద్దా పడవలన్నీ లెక్కేసినా కుదరదు. ఉప్పెన రాలేదని కాదు, దారుణంగానే వచ్చింది. దానికి యాభై ఏళ్ళ ముందు, 1789 డిసెంబరులో, మూడు పెద్ద అలలు వరసగా వచ్చి ఊరిని ముంచేశాయి. తుఫానుకి 'సైక్లోన్' అని పేరుపెట్టిన హెన్రీ పిడింగ్టన్ ఆ మూడు అలల గురించి రాశాడు. అయితే కోరంగిని రేవుగా చంపింది ఉప్పెనలు మాత్రమే కాదు. గోదావరి తెచ్చిన ఒండ్రు ఏడాదికింత చొప్పున మొగ పూడ్చేస్తే ఓడలు కాకినాడకి మళ్ళాయి. ఒండ్రు కథకి ఎవరూ నోరు తెరవరు కాబట్టి ఉప్పెన కథే చెప్పుకుంటాం.

నాకు విచిత్రంగా తోచేది ఆ తర్వాత జరిగింది. రేవు పోయింది గానీ పేరు పోలేదు. బర్మాలో తెలుగు కూలీలందర్నీ ఇంగ్లీషువాళ్ళు 'కోరంగీలు' అనేవారు. శ్రీకాకుళం వాడైనా, విశాఖ వాడైనా, స్టీమరు కాకినాడలో ఎక్కినా కళింగపట్నంలో ఎక్కినా, రంగూన్‌లో దిగేసరికి కోరంగీయే. ఆస్ట్రేలియా పక్కన కోరల్ సముద్రంలో కోరంగి దీవులని ఉన్నాయి. 1845లో అక్కడ మునిగిన 'కోరంగి ప్యాకెట్' అనే ఓడ వల్ల వచ్చిన పేరు. మన పటాల్లో భూతద్దం పెట్టి వెతుక్కోవాల్సిన ఊరికి ఇంత దూరాన గుర్తులున్నాయి.

మన పెద్దవాళ్ళు రంగూన్‌ని రంగం అనేవారు. 1930 మే నెలలో అక్కడి రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా వాళ్ళని పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తీరాక వాళ్ళని పొమ్మన్నాయి. దాంతో మొదలైన గొడవ తెలుగువాళ్ళ ఊచకోతగా మారింది. ఎందరో తిరిగొచ్చేశారు. మా తాతయ్య ఆ మరుసటి ఏడాది వెళ్ళాడు! అంత జరిగాక ఎందుకు వెళ్ళాడంటే, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు కాబట్టి. ఆ డబ్బు అప్పుకి జమైపోయింది, ఇక మనిషి వెళ్ళక తప్పదు. (బాండు రాయించుకుని మనల్ని ఇక్కడికి తెచ్చిన కన్సల్టెన్సీలు గుర్తొస్తే తప్పు నాది కాదు. రెండూ ఒకటని అనను. మనం విమానంలో వచ్చాం, జ్వరమొస్తే ఇంటి నుంచి పనిచేసుకున్నాం.)

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. తాతయ్య ప్రోమ్ మీదుగా టాంగప్ కనుమ దాటి, ఆక్యాబ్ చేరి, చిట్టగాంగ్ మీదుగా కలకత్తా వచ్చి, సామర్లకోటలో రైలు దిగాడు. కొండల్లో చాలా భాగం నడకే. వెంట బయల్దేరిన ఐదుగురిలో ఇద్దరే ఇల్లు చేరారు. మిగతా ముగ్గురి పేర్లు మా మేనత్తకి ఇప్పటికీ నోటికొచ్చు. మా వాడి వంశవృక్షంలో వాళ్ళకి చోటులేదు, మన రక్తం కాదు కదా.

మేముండేది బోస్టన్ దగ్గర. అమ్మాయిని సేలం తీసుకెళ్ళాను. అదీ ఒకప్పుడు కలకత్తా, మద్రాసు, సుమత్రాలకి ఓడలు నడిపిన చిన్న రేవే. లోతు చాలక పెద్ద ఓడలు బోస్టన్‌కి మళ్ళాయి. కోరంగి, కాకినాడల కథే. కానీ వీళ్ళు ఏదీ పారేయలేదు. 1799లో కెప్టెన్లు కలిసి పెట్టుకున్న ఈస్ట్ ఇండియా మెరైన్ సొసైటీ వస్తువులే ఇప్పటి పీబాడీ ఎసెక్స్ మ్యూజియానికి మూలం. 1819 నాటి కస్టమ్ హౌస్, డెర్బీ వార్ఫ్ అలాగే ఉన్నాయి. చూసి మొదట అసూయపడ్డాను. తర్వాత అక్కడున్న పేర్లన్నీ చదివాను. కెప్టెన్లు, ఓడల యజమానులు. మద్రాసులో ఆ ఓడలకి సరుకెత్తినవాళ్ళ పేర్లు ఆ గోడల మీద కనిపించలేదు. దాచుకోవడం చేతనైన ఊళ్ళో కూడా మోసినవాడి పేరు దాచలేదు. అలాంటప్పుడు ఆ పేరు మిగలడానికి ఇంట్లోవాళ్ళ నోరు తప్ప వేరే దిక్కేముంది? ఆ నోటితోనే మనం "వర్తకులు" అంటే ఎలా?

అమెరికా తెలుగువాళ్ళ సావనీర్లు తిరగేస్తే పూర్వీకులందరూ కరణాలో, భూస్వాములో, పండితులో అయుంటారు. అంతమందికి పొలం దున్నిందెవరో, బస్తాలెత్తిందెవరో అర్థంకాదు. సముద్రం దాటిన మొదటి తరం మనమేనన్న గర్వమొకటి. ఇంజనీరు మనవడికి కూలీ తాత ఉంటే తప్పేమిటో నాకు బోధపడదు.

చివరికి అట్ట మీద అమ్మాయే రాసింది, తాతయ్య బియ్యం బస్తాలు మోసేవాడని. భుజం మీద కాయ ఎంతుండేదని అడిగితే బొటనవేలు చూపించాను. అంతే సైజులో బొమ్మ వేసింది. టెక్సస్ కాపీలో ఇంకా "వర్తకులు" అనే ఉంది, మార్చమని రెండుసార్లు మెసేజ్ పెట్టాను. పెదనాన్నకి అట్ట ఫొటో పంపితే రెండు రోజులు ఉలకలేదు, పలకలేదు. మూడో రోజు ఫోన్ చేసి, "బస్తా రెండు మణుగుల పైనుండేదని చెప్పేవాడు నాన్న. అది కూడా రాయించు" అన్నారు.