కొంగ కంటే ముందు వరిమడి

జపాన్‌లో హ్యోగో ప్రిఫెక్చర్ ఉత్తర కొసన, సముద్రానికి దగ్గర్లో టొయోఒకా అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి కొంగల సంరక్షణ కేంద్రానికి వెళ్లినవారిని ముందుగా ఆకట్టుకునేది సందర్శకుల ఆవరణ. దానికి పైకప్పు లేదు. లోపలి పక్షులు ఎగిరిపోకుండా రెక్కల ఈకలు కత్తిరిస్తారు. మేత వేసే వేళకు బయట తిరిగే కొంగలు కూడా వచ్చి వాలతాయి, లోపలి వాటి చేపల్లో వాటా పుచ్చుకుని పొలాల వైపు వెళ్లిపోతాయి. ఇలా వచ్చిపోయేవి ఈ కేంద్రంలో పెంచి వదిలిన పక్షులు, లేదా వాటి సంతానం. యాభై ఏళ్ల కిందట జపాన్ ఆకాశంలో ఈ జాతి ఒక్కటీ లేదని తెలిసిన వారికి ఆ రాకపోకలు మామూలు దృశ్యంగా కనిపించవు.

జపాన్‌వాళ్లు కోనోటోరి అని పిలిచే ఈ కొంగ మనిషి నడుము దాటే ఎత్తుంటుంది. రెక్కలు చాపితే రెండు మీటర్లు. ఒళ్లంతా తెలుపు, రెక్కల అంచులు నలుపు, కాళ్లు ఎరుపు. ఎదిగిన పక్షికి గొంతు పెగలదు. ముక్కు రెండు దవడలనూ టకటకా కొట్టి జతను పిలుస్తుంది, శత్రువును బెదిరిస్తుంది. రోజుకు అర కిలో దాకా చేపలు, కప్పలు, పురుగులు కావాలి. అంత తిండి దొరికేది వరిమడుల్లోనే కాబట్టి అది అడవి పక్షి కాలేదు, ఊరి పక్షి అయింది. ఇజుషి నదిలో 1960లో తీసిన ఒక ఫొటోను టొయోఒకాలో ఇప్పటికీ చూపిస్తారు: ఒక ఆడమనిషి, ఆమె చుట్టూ నీళ్లలో ఏడు ఆవులు, వాటి పక్కనే బెదురు లేకుండా మేస్తున్న పన్నెండు కొంగలు. ఆ ఫొటో తీసిన పదకొండేళ్లకు, 1971లో, జపాన్‌లోని చివరి అడవి కొంగ ఇదే ఊళ్లో చనిపోయింది.

కారణాల్లో దాపరికమేమీ లేదు. పాతకాలపు వేట సంఖ్యను తగ్గించింది. గూడు కట్టుకునే పెద్ద పైన్ చెట్లను యుద్ధకాలంలో నరికేశారు. మిగిలిన పని వ్యవసాయం చేసింది. యుద్ధం తర్వాత తిండిగింజల కోసం దేశమంతా పురుగుమందులు చల్లారు, వాటిలో పాదరసం కలిసినవీ ఉన్నాయి. పంట కాలువలకు సిమెంటు పోశారు. మడికీ కాలువకూ మధ్య ఎత్తు పెరిగి చేప పైకెక్కే దారి పోయింది. అప్పట్లో నాట్లు తొక్కే పక్షి అని రైతులు కొంగను అదిలించిన మాట కూడా నిజమే. అయినా దాన్ని అసలు చంపింది రైతు కోపం కాదు, రైతు చేతికి ప్రభుత్వమూ మార్కెట్టూ కలిసి అందించిన సాగు పద్ధతి.

కాపాడే ప్రయత్నం ఆలస్యంగా మొదలైందని కూడా అనలేం. 1955లోనే సంరక్షణ ఉద్యమం మొదలైంది. 1956లో ఆ పక్షికి ప్రత్యేక ప్రకృతి సంపదగా చట్టరక్షణ ఇచ్చారు. 1965లో ఒక జంటను పట్టి పంజరంలో పెట్టారు. గుడ్లు పెట్టాయి కానీ పిల్లలు కాలేదు. ఒక సంవత్సరం కాదు, ఇరవై నాలుగేళ్ల పాటు ఒక్క పిల్లా బతికి బయటపడలేదు. చనిపోయిన పక్షులను కోసి చూస్తే ఒంట్లో పాదరసం కనిపించింది. పొలంలో తిన్న విషం పంజరంలోకీ వెంట వచ్చింది. చివరికి 1985లో అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఖబారోవ్‌స్క్ నుంచి ఆరు పిల్లకొంగలు వచ్చాయి. 1989లో వాటికి తొలి పిల్ల పుట్టింది. అప్పటి నుంచి ఏటా పిల్లలు పుడుతూనే ఉన్నాయి.

ఇక్కడే టొయోఒకా కథ మిగతా సంరక్షణ కథలకు భిన్నంగా నడిచింది. పిల్లలు పుట్టాయి కదా అని వెంటనే వదిలేయలేదు. తొలి పిల్ల పుట్టాక పదహారేళ్లు ఆగారు. కేంద్రం 1999లో తెరిచారు, తొలి అయిదు పక్షులను 2005 సెప్టెంబరు 24న వదిలారు. ఆ మధ్యకాలంలో పక్షుల సంఖ్య పెంచడమూ, వాటికి వేటాడే అలవాటు నేర్పడమూ ఒక పని. వరి పండించే తీరు మార్చడం రెండో పని. సంరక్షణ కేంద్రం గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండో పని మన దృష్టికి రాదు, ఎందుకంటే అది ఆవరణ లోపల జరగదు.

ఆ సాగును కొంగను పెంచే సేద్యం అని పిలుచుకుంటారు. అందులో ఏముందో దగ్గరగా చూడాలి. విత్తనశుద్ధికి మందు వాడరు, వేడినీళ్లలో ముంచి తీస్తారు. చలికాలంలో మడిని ఎండబెట్టకుండా నీరు కట్టి ఉంచుతారు. ఆ నీళ్ల అడుగున సన్నటి ఎర్రలు లక్షల్లో పెరుగుతాయి. అవి కింది మట్టిని తిని పైన విసర్జిస్తూ పోతే బురద మీద మెత్తటి పొర ఏర్పడుతుంది, కలుపు గింజలు దాని కింద పడి మొలకెత్తలేవు. అంటే కలుపుమందు చేసే పనిని కొంత ఎర్రలే చేసిపెడతాయి. ఇక అన్నిటికన్నా ముఖ్యమైంది వేసవి నడుమ మడి ఆరబెట్టే తేదీ. పిలకలు వేశాక వేళ్లు గట్టిపడాలని నీరు తీసేయడం అక్కడి వరి రైతుల అలవాటు. జూన్‌లో తీస్తే తోకకప్పలు ఎక్కడివక్కడ చచ్చిపోతాయి. అందుకే తోకకప్పలకు కాళ్లు మొలిచి గట్టెక్కే దాకా, నీళ్లలోని తూనీగ పురుగుకు రెక్కలొచ్చే దాకా ఆగి, జులైలో నీరు తీస్తారు. కొన్ని వారాల ఓపిక, అంతే. కప్పలూ తూనీగలూ మిగిలితే పంటను తినే పురుగులు తగ్గుతాయి, కొంగకూ తిండి దొరుకుతుంది. కాలువ నుంచి మడిలోకి చేపలు ఎక్కడానికి చిన్నచిన్న మెట్లు కూడా కట్టారు.

2003లో ఒక హెక్టారు కూడా లేని ఈ సాగు తర్వాత సుమారు నాలుగు వందల హెక్టార్లకు పెరిగింది. పక్షి మీద ప్రేమతోనే ఇంత జరిగిందనుకోవడం రైతుకు అన్యాయం చేయడమే. దిగుబడి కొంత తగ్గుతుంది, చాకిరీ పెరుగుతుంది. ఆ నష్టాన్ని ధర పూడ్చింది. కొంగ పేరుతో అమ్మే బియ్యాన్ని రైతు సహకార సంఘం మామూలు బియ్యం కంటే ఎక్కువకు కొంటుంది, అసలు మందే వాడని బియ్యానికి ఇంకా ఎక్కువ. కొనేవాడు ఎవరో, ఎంతకు కొంటాడో రైతుకు తేలింది. తర్వాత బడిపిల్లలు మేయరు దగ్గరికి వెళ్లి తమ మధ్యాహ్న భోజనంలో ఆ బియ్యమే పెట్టాలని అడిగారు, పెట్టారు కూడా. 2004లో తుపాను వచ్చి మరుయామా నది పట్టణాన్ని ముంచేసింది. వరద పనుల్లో గట్లు పెంచి ఊరుకోకుండా నది ఒడ్డు తవ్వి లోతులేని చిత్తడి నేలలు చేశారు. కొంగలకు అవి మేతకు పనికొచ్చాయి. 2012లో ఆ నది దిగువ ప్రాంతమూ, చుట్టూ ఉన్న వరిమడులూ అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరాయి. 2007లో తొలిసారి బయటి గూట్లో పిల్ల ఎగిరింది, అంతకు ముందు అలా జరిగి నలభై ఆరేళ్లయింది. బయట తిరిగే కొంగలు 2017లో వంద దాటాయి, మరో అయిదేళ్లలో మూడు వందలు దాటాయి.

అన్నీ సవ్యంగా ఉన్నాయని చెప్పను. పెద్ద చెట్లు లేక చాలా జంటలు మనిషి పాతిన స్తంభాల మీదే గూళ్లు కడుతున్నాయి. కరెంటు తీగలూ, పంటల చుట్టూ కట్టిన వలలూ ప్రాణాలు తీస్తున్నాయి. 2017లో షిమానే ప్రిఫెక్చర్‌లో ఒక వేటగాడు వేరే కొంగ అనుకుని, గూట్లో పిల్లలున్న తల్లిని కాల్చేశాడు. నాలుగు పిల్లలనూ టొయోఒకా కేంద్రమే తీసుకెళ్లి పెంచి మళ్లీ అక్కడికే తెచ్చి వదిలింది. ఊరు దాటిన పక్షికి ఊరు దాటిన రక్షణ కావాలని ఆ ఘటన చెప్పింది.

ఇక మన సంగతి చూద్దాం. నంద్యాల జిల్లా రోళ్లపాడులో 1988లో బట్టమేక పక్షి కోసం అభయారణ్యం పెట్టాం. ఇప్పుడు అక్కడ దాన్ని చూశామనేవారే అరుదు. కంచె లోపల కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల చేలను మేశాయి, రైతుకు అభయారణ్యమంటేనే కోపం వచ్చింది. బట్టమేక పక్షికి కావలసింది దట్టమైన అడవి కాదు, గడ్డిబీళ్లు, వాటి అంచున వానాధారంగా పండే చేలు. ఆ చేలు ఎలా ఉండాలో ఆ రైతులతో ఎవరూ బేరం మాట్లాడలేదు. రాజస్థాన్‌లోని జైసల్మేర్ జిల్లా సమ్, రామ్‌దేవ్‌రా కేంద్రాల్లో 2019 నుంచి ఈ పక్షి గుడ్లు సేకరించి పిల్లలను పెంచుతున్నారు. 2024లో కృత్రిమ గర్భధారణతో కూడా ఒక పిల్ల పుట్టింది. ఇది గర్వించాల్సిన శాస్త్ర విజయం. కానీ అక్కడి ఆకాశంలో కరెంటు తీగల తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పంజరంలో పిల్లలు పెరుగుతున్న వేగంతో బయట నేల సిద్ధం కావడం లేదు.

టొయోఒకా నుంచి మనం తెచ్చుకోవలసింది పక్షిని పొదిగించే విద్య కాదు, అది మనకూ వచ్చేసింది. ఆ పదహారేళ్లలో వాళ్లు బయట చేసిన పని మనకు కావాలి. అటవీ శాఖ ఒక్కటే చేయగలిగింది కాదది. వ్యవసాయ శాఖ, విద్యుత్ సంస్థలు, మార్కెట్ కమిటీ ఒకే బల్ల ముందు కూర్చోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం నడుస్తోంది, దానికి గ్రామాల్లో మనుషులున్నారు, మహిళా సంఘాలున్నాయి. ఉప్పలపాడు, తేలినీలాపురం చెట్ల మీద గూళ్లు కట్టే కొంగలను ఆ ఊళ్లవాళ్లు ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. ఆ పక్షులు మేతకు వెళ్లే చెరువుల్లో, మడుల్లో ఏ మందు పడుతోందన్న లెక్క మాత్రం ఏ సంరక్షణ ప్రణాళికలోనూ ముందు వరసలో లేదు. మొదట అక్కడి వరి రైతులకు మందు తగ్గించినందుకు క్వింటాలుకు ఎంత ఎక్కువ ఇస్తారో చెప్పాలి. రోళ్లపాడు చుట్టూ జొన్న, కొర్ర, సెనగ వేసే రైతుకూ, బీడు దున్నకుండా వదిలిన రైతుకూ అదే మాట రాతపూర్వకంగా చెప్పాలి. జైసల్మేర్ పిల్లలు ఎప్పుడో ఒకనాటికి దక్షిణానికి వస్తాయనుకుంటే, ఆ ఒప్పందాలు రాసుకోవలసిన కాలం ఇదే.