తండ్రిగారి ఖాతాలో ప్రజల అమానత్



చిత్తూరు జిల్లా కార్వేటినగరం నుంచి ఒక సోదరుడు ఈ శీర్షికకు లేఖ రాశారు. ఆయన తండ్రిగారు పేద పిల్లల ఫీజులకు, రోగుల మందులకు ఏళ్ల తరబడి చందాలు సేకరించేవారు. ఆయన మీద ఉన్న నమ్మకంతో ఎవరూ రసీదు అడగలేదు. ఆ సొమ్ము ఆయన సొంత పొదుపు ఖాతాలోనే ఉండేది. ఇటీవల ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఖాతాలో 1,80,000 రూపాయలు ఉన్నాయి. ఒక చిన్న డైరీలో కొన్ని పేర్లు, కొన్ని అంకెలు ఉన్నాయి. "ఇందులో మా వారసత్వం ఎంత? ప్రజల సొమ్ము ఎంత?" అన్నది ఆ కుమారుని ప్రశ్న.

అల్లాహ్ ఆ పెద్దాయనను మన్నించుగాక! ఆ ప్రశ్న అడిగిన కుమారునికి మేలు చేయుగాక!

ముందుగా షరీఅత్ మాట. మృతుని ఆస్తి నుంచి అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వీలునామా పోగా మిగిలినదే వారసులది. అమానత్ అసలు ఆయన ఆస్తే కాదు. కనుక పంపకానికి ముందే దానిని వేరు చేయాలి. డైరీని, బ్యాంకు పాస్‌బుక్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. దాతలను, సహాయం పొందినవారిని విచారించండి. తేలని మొత్తం విషయంలో విశ్వసనీయుడైన ఆలిమ్ సలహా తీసుకోండి. తేలినదాన్ని కాగితం మీద రాసి వారసులందరూ సంతకాలు చేయండి. ఖాతాకు నామినీగా ఉన్నవారు ఆ డబ్బుకు యజమానులు కారని, హక్కుదారుల తరఫున దానిని అందుకునేవారు మాత్రమేనని కూడా గుర్తుంచుకోండి.

ఇక్కడ లోపించినది నిజాయితీ కాదు, రాత. దివ్యఖుర్ఆన్‌లోని అత్యంత పొడవైన వాక్యం అల్ బఖరా సూరాలోని 282వది. అది అప్పు లావాదేవీని రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని ఆదేశిస్తుంది. జకాత్ వసూలుకు వెళ్లి వచ్చిన ఒక వ్యక్తి "ఇది మీది, ఇది నాకు వచ్చిన కానుక" అని చెప్పినప్పుడు దైవప్రవక్త (స) తీవ్రంగా మందలించారు. అతను తన తల్లిదండ్రుల ఇంట కూర్చొని ఉంటే ఆ కానుక వచ్చేదా అని ప్రశ్నించారు. ప్రజల సొమ్మును, సొంత సొమ్మును కలపరాదన్న సూత్రం మనకు ఆదాయపన్ను శాఖ నేర్పినది కాదు.

ఇకముందు ఇలా జరగకుండా ఉండాలంటే ఏం చేయాలి?

మొదట, సేవకు ఒక పేరు, ఒక రూపం కల్పించండి. దస్తావేజు రాసి ట్రస్టుగా రిజిస్టర్ చేయించవచ్చు. లేదా కనీసం ఏడుగురు సభ్యులతో ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద సంఘంగా నమోదు చేయించవచ్చు. ఆ సంస్థ పేరిటే పాన్ కార్డు, బ్యాంకు ఖాతా తీసుకోండి. ఖాతా నుంచి డబ్బు తీయడానికి ఇద్దరి సంతకాలు తప్పనిసరి చేయండి. అప్పుడు ఒకరు మరణించినా అమానత్ చెక్కుచెదరదు.

రెండవది, ఆదాయపన్ను శాఖలో నమోదు. కొత్త సంస్థకు మొదట 3 సంవత్సరాలకు తాత్కాలిక నమోదు ఇస్తారు. ఆ తర్వాత సాధారణంగా 5 సంవత్సరాలకు, చిన్న సంస్థలకు 10 సంవత్సరాలకు ఇస్తారు. గడువులోగా నవీకరణకు దరఖాస్తు చేయకపోతే సంస్థ ఆస్తుల విలువపైనే పన్ను పడే ప్రమాదం ఉంది. వచ్చిన ఆదాయంలో 85 శాతం ఆ సంవత్సరమే సేవకు ఖర్చు చేయాలన్నది సాధారణ నియమం. నగదుగా 2,000 రూపాయలకు మించి ఇచ్చిన విరాళానికి దాతకు పన్ను రాయితీ దొరకదు. కనుక బ్యాంకు ద్వారానే ఇమ్మని చెప్పండి.

మూడవది, ఆశయాల విషయంలో జాగ్రత్త. ఒక మతం వారికి మాత్రమే పరిమితమయ్యే ధర్మసంస్థకు పన్ను మినహాయింపు దక్కదు. ఫీజు కట్టలేని పిల్లవాడు ఏ ఇంటివాడైనా ఆదుకుంటామని రాయండి, అలాగే చేయండి. పొరుగువాని హక్కు గురించి మన ధర్మం చెప్పేదీ ఇదే. అయితే జకాత్ ఎవరికి చెందాలో అత్తౌబా సూరా 60వ వాక్యం నిర్ణయించింది. కాబట్టి జకాత్ సొమ్మును ఈ సంస్థ నిధిలో కలపకండి. దాని లెక్క వేరుగా ఉంచి, పంపిణీ పద్ధతిని ఆలిమ్‌తో సంప్రదించి నిర్ణయించుకోండి. మస్జిద్ వక్ఫ్ ఆస్తుల జమాఖర్చులు కూడా వేరే. వాటికి ముతవల్లీ వక్ఫ్ బోర్డుకు జవాబుదారీ.

నాలుగవది, గల్ఫ్ నుంచి వచ్చే సొమ్ము. మన జిల్లా బిడ్డలు ఎందరో కువైట్, సౌదీలలో కష్టపడుతున్నారు. భారత పౌరుడు తన సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపేది చట్టం దృష్టిలో విదేశీ విరాళం కాదు. కానీ అక్కడి యజమాని దగ్గరో, అక్కడి సంస్థ దగ్గరో సేకరించి పంపితే అది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద నమోదు గానీ, ముందస్తు అనుమతి గానీ లేకుండా దానిని స్వీకరించడం నేరం. మనకు దగ్గరలోని తిరుమల ఆలయ హుండీలో పడిన విదేశీ కరెన్సీ సైతం, ఇచ్చినవారి వివరాలు తెలియనందున బ్యాంకులో జమకాక నిలిచిపోయిందని 2023లో పత్రికలు రాశాయి. అంతటి సంస్థకే ఇబ్బంది తప్పనప్పుడు మన చిన్న కమిటీలు మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇవన్నీ ఒక్కరే చేయలేరు. కమిటీలో లెక్కలు తెలిసిన యువతీ యువకులకు చోటివ్వండి. ఏడాదికొకసారి ఆడిటర్‌ను కలవండి. జమాఖర్చుల పట్టికను జుమా నాడు నోటీసు బోర్డు మీద అతికించండి. "నన్ను నమ్మరా?" అని ఏ పెద్దాయనా నొచ్చుకోనవసరం లేదు. రసీదు అడగడం అనుమానించడం కాదు. ఆయన పోయిన తర్వాత ఆయన పేరును, ఆయన పిల్లలను కాపాడటం.

కార్వేటినగరం సోదరుడు తండ్రిగారి కోసం చేయగల ఉత్తమమైన పుణ్యకార్యం ఇప్పుడు ఇదే: లెక్క తేల్చడం, అమానత్‌ను అప్పగించడం, ఆయన మొదలుపెట్టిన సేవను పదిమంది చేతుల్లో నిలబెట్టడం. ప్రళయదినాన లెక్క చూపవలసిన మనందరికీ ఇక్కడే లెక్క సరిచూసుకునే సద్బుద్ధిని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.